ఒకే దారిపై రెండు వేగములు

అమెరికా సంయుక్త రాష్ట్రము లనగానే మనకు మొదట స్ఫురించునది మోటారు వాహనము. అట్టి దేశముననే, పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా మున్నగు రాష్ట్రముల పల్లెపట్టులలో, నేటికిని గుఱ్ఱపు బండి యెక్కి అంగడికిని, ప్రార్థనకును, చుట్టముల యిండ్లకును పోవు జనులు కలరు. వారిని ఆమిష్ జనులందురు. వారి బండ్లు నడచునది వేఱు బాటపై కాదు; కార్లును లారీలును గంటకు 90 కిలోమీటర్ల వేగమున పరుగెత్తు తారు రోడ్డుపైననే. ఈ రెండు వేగములు ఒకే దారిపై కలిసినప్పుడు పుట్టు ఆపద యెట్టిది? దానిని తగ్గించుటకు అచ్చట జరిగిన ప్రయత్నము లెట్టివి? ఆ ప్రయత్నములలో చట్టమునకును మనస్సాక్షికిని నడుమ వచ్చిన పెనుగులాట యెట్లు తీరినది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

ముందుగా ఆ జనులను గూర్చి నాలుగు మాటలు. తెలివి వచ్చిన పిమ్మట తమ యిచ్ఛతోనే జ్ఞానస్నానము పొందవలెనని బోధించిన క్రైస్తవ శాఖ యొకటి 16వ శతాబ్దమున స్విట్జర్లాండు ప్రాంతమున పుట్టెను. 1693లో యాకోబ్ అమ్మన్ అను మతపెద్ద వెంట ఆ శాఖ నుండి చీలిన వర్గమునకు అతని పేరు మీదనే ఆమిష్ అను పేరు వచ్చినది. 18వ శతాబ్దమున వారు పెన్సిల్వేనియాకు వలస వచ్చి సేద్యమున స్థిరపడిరి. ఇంటిలో నేటికిని ఒక విధమగు జర్మను మాండలికమునే మాటలాడుదురు. నేడు ఉత్తర అమెరికాలో వారి జనసంఖ్య సుమారు 4 లక్షలు. కుటుంబములు పెద్దవగుటచే ఆ సంఖ్య రమారమి 20 ఏండ్లకొకసారి రెట్టింపగుచున్నది. కనుక గుఱ్ఱపు బండి అచ్చట అంతరించు వస్తువు కాదు. ఏటేట పెరుగుచున్న వస్తువు.

వారు కారును పాపమని తలంచి విడిచిరనుకొనుట పొరపాటు. అవసరమైనపుడు ఇతరుల కారును బాడుగకు కుదుర్చుకొని ఎక్కుదురు. తమకు సొంత కారు ఉండరాదనునదే నియమము. కారు చేతనున్నచో మనుష్యుడు దూరదూరములకు పోవును. ఇరుగు పొరుగు చెదరిపోవును. ఒకరి కష్టమున కొకరు నిలుచు కట్టుబాటు సడలును. గుఱ్ఱము పోగల దూరములోనే బ్రతుకు సాగినచో ఊరు ఊరుగా నిలుచునని వారి నమ్మకము. ఈ కట్టుబాట్లను నిర్ణయించు ఏకైక పీఠాధిపతి వారికి లేడు. ముప్పది, నలువది కుటుంబములు గల ఒక్కొక్క సంఘము తన నియమములను తానే ఏర్పరచుకొనును. అందువలన బండ్ల తీరులోనే ఎంతో భేదము కానవచ్చును. లంకాస్టర్ ప్రాంతమున బండి గూడు బూడిద రంగుది, ఒహాయోలో నలుపు, పెన్సిల్వేనియాలోనే మిఫ్లిన్ అను జిల్లాలో ఒక శాఖవారిది తెలుపు, వేరొక శాఖవారిది పసుపు. ఈ భేదము జ్ఞాపకమున నుంచుకొనుడు. ముందు రాబోవు కథకు ఇదియే కీలకము.

ఇక ఆపద సంగతి. ఒక చిన్న లెక్క వేసి చూతము. గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు 25 మీటర్లు పోవును. గుఱ్ఱపు బండి సెకనుకు సుమారు 3 మీటర్లు పోవును. రెండింటి నడుమ 150 మీటర్ల దూరమున్నదనుకొందము. ముందు పోవునది గంటకు 72 కిలోమీటర్ల వేగము గల మరియొక కారైనచో, వెనుక కారు దానిని అందుకొనుటకు 30 సెకనులు పట్టును. ముందున్నది గుఱ్ఱపు బండి యైనచో 7 సెకనులు మాత్రమే పట్టును. దూరమొక్కటే, వ్యవధి నాల్గవ వంతునకు తగ్గినది. కారు నడపువాని కన్ను దూరమును చూచును గాని వేగభేదమును వెంటనే పసికట్టలేదు. "చాల దూరమున్నది గదా" అని అతడనుకొనునంతలో బండి ముంగిటికి వచ్చును.

ఆ 7 సెకనులును పూర్తిగా చేతికి చిక్కవు. ముందున్న దేమియో గుర్తించి, కాలు తీసి బ్రేకుపై నుంచుటకు ఒకటిన్నర సెకను పోవును. ఆ కాలములో సుమారు 33 మీటర్ల యెడము హరించును. పొడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినను బండి వేగమునకు దిగుటకు మరి 35 మీటర్ల యెడము ఖర్చగును. అనగా 70 మీటర్ల ముందుగానే బండిని గుర్తింపవలెను. కాని చీకటిరాత్రి, దీపములను క్రిందికి దించి నడపు కారునకు, దీపము లేని నల్లని బండి 50, 60 మీటర్లలోనికి వచ్చినగాని సరిగా కానరాదు. ఈ రెండు అంకెల నడుమనున్న కొద్ది మీటర్ల లోపముననే కుటుంబములు కుటుంబములుగా నష్టపోవుచున్నవి. బండి తేలికైన చెక్కతోను, ఫైబర్ గ్లాసుతోను చేసినది. అందు నడుము పట్టీలు లేవు. తల్లి యొడిలో పసిబిడ్డ యుండును. వెనుక నుండి కారు తగిలినచో లోపలివారు రోడ్డుపై పడుదురు.

వెనుక నుండి కొట్టుటయే కాక మరి రెండు విధముల ప్రమాదములు తరచు. ఒహాయోలోని హోమ్స్ జిల్లా మిట్టపల్లముల సీమ. మిట్ట యెక్కి దిగువరకు ఆవల బండి యున్నదో లేదో తెలియదు. రెండవది మలుపు. అమెరికాలో వాహనములు కుడి ప్రక్కన నడచును. బండి ఎడమకు తిరుగబోవునపుడు, వెనుక కారువాడు తొందరపడి అదే ఎడమ ప్రక్క నుండి దాటబోవును. గూడు బండిలో కూర్చున్నవాడు చేయి చాచి చూపిన గురుతు వెనుకవానికి కనబడకపోవచ్చును.

కావున మొదటి కర్తవ్యము నెమ్మదిగా పోవు బండిని దూరము నుండియే గుర్తింపదగినట్లు చేయుట. ఈ సమస్య ఆమిష్ జనులది మాత్రమే కాదు. రోడ్డెక్కిన ట్రాక్టర్లకును ఇదే గతి పట్టుచుండెను. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున వ్యవసాయ ఇంజనీరింగు శాఖకు చెందిన కెన్నెత్ హార్క్‌నెస్ 1960వ దశకపు తొలి యేండ్లలో ఈ విషయమును పరిశోధించి, ఆకారములను, రంగులను పరీక్షించి, ఒక త్రికోణ చిహ్నమును రూపొందించెను. నడుమ మెఱయు నారింజ రంగు. అంచున ముదురు ఎఱుపు పట్టీ. మూడు మూలలును కత్తిరించినట్లుండును. గంటకు 25 మైళ్లు, అనగా 40 కిలోమీటర్లు మించని వాహనమునకే ఈ గురుతు. దానిని చూచినవాడు "ముందున్నది నెమ్మది బండి, ఇప్పుడే వేగము తగ్గింపవలెను" అని తడవుకొనక గ్రహింపవలెను.

ఆ చిహ్నమునందలి రెండు రంగులకును రెండు వేర్వేరు పనులు కలవు. నడుమనున్న నారింజ రంగు పగటి కొఱకు. సూర్యకాంతిలో మన కంటికి కానరాని అతినీలలోహిత కిరణములను గూడ అది గ్రహించి నారింజ వెలుగుగా మార్చి బయటికి పంపును. అందుచే మామూలు రంగుకంటె అది ఎక్కువ వెలుగుచున్నట్లు తోచును. మబ్బు పట్టిన వేళ, సందెవేళ గూడ కన్ను నాకర్షించును. రాత్రి ఆ కిరణములు లేవు గనుక ఆ రంగు మందగించును. అప్పుడు అంచునందలి ఎఱ్ఱ పట్టీ పని మొదలగును. దాని పొరలో సూక్ష్మమైన గాజుపూసలో, పట్టకములో పొదిగి యుండును. గది మూలకు విసరిన బంతి గోడలకు తగిలి విసరినవాని వైపునకే ఎట్లు మరలునో, అట్లే కారు దీపపు కాంతి ఆ పట్టీపై బడి కారు వైపునకే తిరిగివచ్చును. మన లారీల వెనుక "రేడియం" అని పిలుచుచు అంటించు మెఱపు కాగితము ఈ జాతిదే. పేరునకే గాని అందు రేడియము లేశమును లేదు.

కాని దీనికొక హద్దు గలదు. కాంతి వచ్చి తగిలినగాని ఈ పట్టీ మెఱయదు. మిట్ట చాటున, మలుపు చాటున, దట్టమైన మంచులో, బురద కప్పినపుడు అది మూగపోవును. తన వెలుగు తానే చిందు దీపమైనచో మిట్టపై నుండి కొంత ముందుగా తెలియవచ్చును. అందుచేతనే చిహ్నముతోబాటు దీపమును ఉండవలెనని రహదారి శాఖలవారు చెప్పుచున్నారు. అనేక ఆమిష్ సంఘములు దీనికి సమ్మతించినవి. ఇంటిలో కంపెనీ కరెంటు వలదనువారే బండికి బ్యాటరీ దీపములను, మలుపు దీపములను అమర్చుకొనుచున్నారు. ప్రాణరక్షణ కొఱకు నియమమును సవరించుకొనుట వారి మతమునకు విరుద్ధము కాలేదు.

అయినను అందఱును సమ్మతింపలేదు. స్వార్ట్‌జెన్‌ట్రూబర్ అను కఠిన నియమముల శాఖవారును, అట్టి మరికొందఱును ఆ త్రికోణమును నిరాకరించిరి. ఆ రంగు ఆడంబరము. ఆ చిహ్నము లౌకికము. దైవముపై నుంచవలసిన నమ్మకమును ఒక గురుతుపై నుంచజాలమని వారి వాదము. దాని బదులు వెండి రంగు మెఱపు పట్టీని అంటించి, వెనుక ఎఱ్ఱ లాంతరు వ్రేలాడగట్టుదుమనిరి. మిన్నెసోటా రాష్ట్రమున ఈ తగవు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయెను. 1990లో ఆ న్యాయస్థానము తమ రాష్ట్ర రాజ్యాంగమిచ్చు మనస్సాక్షి స్వాతంత్ర్యమును ఆధారము చేసికొని, తెల్లని పట్టీయు ఎఱ్ఱ లాంతరును చాలునని తీర్పు చెప్పెను. విస్కాన్సిన్ న్యాయస్థానము 1996లో అదే త్రోవ పట్టెను.

కెంటకీ రాష్ట్రమున కథ వేఱుగా నడచెను. అచ్చట త్రికోణము లేని బండ్లు నడపినందుకు విధించిన జుల్మానాలను కట్టక, 2011లో కొందఱు స్వార్ట్‌జెన్‌ట్రూబర్ శాఖ పురుషులు చెఱసాలకు పోయిరి. ఖైదీలకిచ్చు దుస్తులు గూడ నారింజ రంగువే యగుటచే, జైలు అధికారి వారికి ముదురు రంగు దుస్తుల నిప్పించెను. 2012 వసంతమున ఆ రాష్ట్ర శాసనసభ చట్టమును సవరించి, త్రికోణమునకు బదులు మెఱపు పట్టీని వాడుకొనవచ్చునని అనుమతించెను. అదే యేడు అక్టోబరులో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము మాత్రము పాత చట్టము ప్రకారము పడిన శిక్షలు చెల్లుననెను. న్యాయస్థానము త్రోసిపుచ్చినదానిని శాసనసభ మాటలాడి సరిచేసికొన్నదన్నమాట.

ఇందు తప్పొప్పులను తేల్చుట తేలిక కాదు. బండి వెనుక నంతటను చుట్టిన వెండి పట్టీ బండి వెడల్పును చక్కగ చూపును. కాని అది నెమ్మది బండి యని చెప్పదు. త్రికోణము ఆ మాట చెప్పును. కాని దానిని తగిలింపని వానిని చెఱలో నుంచినంత మాత్రమున రోడ్డు నిరపాయము కాదు. అతడు తిరిగి వచ్చి అదే బండిని అదే రోడ్డుపై నడపును. అతని మనస్సున కెక్కిన పట్టీయు లాంతరును, ఎక్కని త్రికోణముకంటె ఆ రాత్రి ఎక్కువ మేలు చేయును. ఇక్కడ బండివానిది ప్రాణము, కారువానిదియు ప్రాణమే. మనస్సాక్షి తనదైనను, తాకిడి ఇరువురిది. కనుక "నన్ను నా దేవునికి వదలుడు" అనుటయు, "చట్టము చట్టమే" అనుటయు రెండును చాలవు. ఒహాయో రాష్ట్రము 2022లో మరియొక అడుగు వేసెను. ఆ యేడు ఆగస్టు 31 నుండి గుఱ్ఱపు బండ్ల వెనుక పైభాగమున పసుపుపచ్చని మినుకు దీపము ఉండితీరవలెనని చట్టము చేసెను. పలువురు పాటించుచున్నారు, కఠిన శాఖవారిలో కొందఱు అంగీకరింపక జుల్మానాలకు లోనైరి, తగవు న్యాయస్థానముల కెక్కినది. సంఘమునకు సంఘమునకు భేదముండుటచే, ఒక్క శాసనముతో అందఱిని ఒప్పించుట అచ్చట సులభము కాదు.

బండికి గురుతు తగిలించుటతో కర్తవ్యము ముగియదు. రెండవ కర్తవ్యము రోడ్డు వేయువారిది. వేగభేదమును తొలగింపలేమైనచో రెండింటిని ఎడము చేయవలెను. అందులకు మేలైన సాధనము వెడల్పైన, గట్టి రోడ్డు మార్జిను. బండి ఆ మార్జినులో నడచినచో కారునకు దారి మిగులును. మార్జిను చాలనిచోట మిట్ట యెక్కు భాగముననైన వెడల్పు చేసినచో మేలు. కాని కునుకుపట్టిన కారు డ్రైవరును మేల్కొల్పుటకై కొన్ని రోడ్ల మార్జినులలో గాడులు తీయుదురు. అవి గుఱ్ఱపు కాలికిని, సన్నని చక్రమునకును ఇబ్బంది. వాటిని తప్పించుకొనుటకు బండివాడు కార్ల దారిలోనికే వచ్చును. ఒకరి క్షేమమునకై చేసిన పని మరియొకరికి ముప్పగుటకు ఇది నిదర్శనము.

హోమ్స్ జిల్లాలో ఇంకను మంచి పని జరిగినది. వాడుక మానిన రైలుకట్టపై చదును చేసిన బాట నొకదానిని 2005లో తెరచిరి. అందొక ప్రక్క సైకిళ్లును పాదచారులును, రెండవ ప్రక్క గుఱ్ఱపు బండ్లును పోవును. ఆ బాటపై మోటారు కార్లకు ప్రవేశము లేదు. ఇక ఖర్చు మాట. గుఱ్ఱపు లాడము రోడ్డును గీరును. గుఱ్ఱము పెట్రోలు తాగదు గనుక ఆ పన్ను రాదు. "రోడ్డు మాది, బండ్లు మీవి" అని కొందఱు సణుగుట కలదు. ఇండియానాలో కొన్ని జిల్లాలవారు బండికి సైతము నంబరు పలకనిచ్చి రుసుము వసూలు చేయుచున్నారు. రుసుమిచ్చినవానికి మార్జిను అడుగు హక్కును కలదు.

కాలినడక వారిని మఱవరాదు. ఆమిష్ పిల్లలు ఒంటిగది బడులలో ఎనిమిదవ తరగతి వరకు చదువుదురు. పెక్కుమంది నడచియే పోవుదురు. లంకాస్టర్ ప్రాంతమున సైకిలు కూడదను నియమముచే కాలితో నెట్టు స్కూటరుపై పోవుట వాడుక. వారి దుస్తులు ముదురు రంగులవి. శీతకాలమున చీకటి త్వరగా పడును. కనుక మెఱపు పట్టీలు గల చొక్కా తొడుగుట, చేతిదీపము పట్టుట, ఎదురుగా వచ్చు వాహనములను చూచుచు రోడ్డు ఎడమ ప్రక్కన నడచుట — ఈ మూడును ప్రధానము. మన దేశమున వాహనములు ఎడమ ప్రక్కన నడచును గనుక మనము కుడి ప్రక్కన నడువవలెను. సూత్రమొక్కటే: వచ్చు ప్రమాదము వెనుక నుండి గాక ముందు నుండి కనబడవలెను.

మూడవ కర్తవ్యము కారు నడపువారిది. వేగము వారి చేతిలోనే యున్నది గనుక ఇదియే అన్నింటికంటె పెద్దది. తెలుగు కుటుంబములు పెక్కు నేడు ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రములలో నివసించుచున్నవి. సెలవు దినములలో ఆమిష్ పల్లెలను చూడబోవు మనవారు ఈ నాలుగు మాటలను మనస్సున నుంచుకొన్నచో మేలు. త్రికోణము కనబడగానే, బండి ఇంకను దూరమున నున్నను, కాలు తీయవలెను. మిట్టపైనను మలుపులోను దాటరాదు. ఎడమకు తిరుగునేమో చూచుకొని, ఎక్కువ యెడమిచ్చి, మెల్లగ దాటవలెను. దగ్గఱ హారను మ్రోగింపరాదు. గుఱ్ఱము ఎంత మచ్చికదైనను బెదరు జంతువు. కూడలిలో బండి వెనుక కారు నిలిపినపుడు కొంత ఎడము విడువవలెను. కదలుటకు ముందు బండి ఒకటి రెండు అడుగులు వెనుకకు జరుగవచ్చును.

ఈ కథ యంతయు దూరదేశపు ముచ్చటగా తోచునేమో. మన ఊళ్లలో రాత్రివేళ చెఱకు బండి, గడ్డి బండి, వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ ఇదే విధముగ వేగముగల వాహనముల నడుమ నడచుచున్నవి. మన పెద్దలు ఎడ్లబండి ఇరుసు క్రింద లాంతరు కట్టినది ఎడ్లకు దారి చూపుటకు మాత్రమే కాదు. "ఇచ్చట ఒక బండి యున్నది, అందు మనుష్యులున్నారు" అని ఎదుటివారికి తెలుపుటకును. ఆ లాంతరు చెప్పిన మాటనే నేటి ఎఱ్ఱని మెఱపు పట్టీ చెప్పుచున్నది. రేపు ఉదయమే మీ యింటి బండికిని, ట్రాలీకిని వెనుక రెండు పట్టీలు అంటింపుడు. నెమ్మదిగా పోవువాడు కనబడవలెను. వేగముగా పోవువాడు చూడవలెను. దారి వేయువాడు ఇరువురికిని చోటు విడువవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను, మిగిలిన రెండును ఆ 7 సెకనులలో మనలను కాపాడజాలవు.